వెనక సీటుకు రెండో చీల

పోయిన నెల మా అబ్బాయి తన కారుకు వెనక ఇంకో వరుస సీటు పెట్టించుకుని ఇంటికొచ్చాడు. మేముండేది సూర్యాపేటలో. కారు జీపులాగా ఎత్తుగా ఉంటుంది గాని, కంపెనీ నుంచి వచ్చినప్పుడు అది ఐదుగురి బండే. వెనక తలుపు తెరిస్తే సామాన్లకని కొంత ఖాళీ జాగా ఉండేది. ఊళ్ళోని ఒక షాపువాళ్ళు ఆ జాగాలో మడతపెట్టే సీటు బిగించి, ముందు సీట్ల రంగులోనే తొడుగు వేసి, ఇద్దరు హాయిగా కూర్చోవచ్చని చెప్పి పంపారట. మనవరాళ్ళిద్దరూ చెప్పులు విడిచి మరీ అందులోకి ఎక్కారు. నేను వాళ్ళను దించి, మోకాళ్ళ మీద కూర్చుని, సీటు కిందికి చెయ్యి పోనిచ్చి, పరిచిన పట్టా లేపి, ఒక్కొక్క బోల్టునూ వేలితో తడిమాను. కోడలు వాకిట్లో నిలబడి నవ్వింది. అబ్బాయికి మాత్రం నవ్వు రాలేదు.

"అమ్మా, గది గొర్రె కాదే, సీటు," అన్నాడు.

నిజమే, నేను గొర్రెను చూసినట్టే చూశాను. మా ఇళ్ళల్లో గొర్రెను కొనేటప్పుడు ఉన్ని చూసి కొనరు. వెన్నుపూసకు అటూ ఇటూ వేళ్ళు పెట్టి నొక్కి చూస్తారు, పెదవి ఎత్తి పళ్ళు చూస్తారు, ఆఖరికి కడుపు కింద చెయ్యి పెడతారు. పైన ఏముందో అమ్మేవాడు ఎలాగూ చూపిస్తాడు, కింద ఏముందో మనమే చూసుకోవాలని మా నాన్న నేను పావడా కట్టే వయసులోనే నేర్పాడు. ఆ చూడడం నాకు అలవాటైపోయింది. కూరగాయలవాడి తక్కెడ దగ్గర్నుంచి దవాఖానలో ఇచ్చే మాత్రల చీటీ దాకా దేన్నీ చూడకుండా వదలను. ఇంట్లో అందరూ నన్ను అనుమానం మనిషి అంటారు. కోపమేమీ లేదు, ఉన్నమాటే కదా.

చేతికి బోల్టులు గట్టిగానే తగిలాయి. అయినా తృప్తి కలగక, బండి కాగితంలో ఎంతమందని రాసి ఉందని అడిగాను. ఐదుగురనే ఉంది, మార్పించాలి, ఆఫీసులో ఇచ్చి రావాలి అన్నాడు. ఐదుగురని ఉన్నప్పుడు ఆరో మనిషి ఎవరి లెక్కలోకి వస్తాడు, ఏడో మనిషికి ఏదైనా అయితే ఎవరు అడుగుతారు అని నేను పట్టుబట్టాను. ఆ కాగితం మారి వచ్చేదాకా ఆ సీటులో నా మనవరాళ్ళు కూర్చోవడానికి వీల్లేదన్నాను. అబ్బాయి విసుక్కుంటూ లోపలికి వెళ్ళిపోయాడు. మా పాత బండికి కూడా ఒకసారి ఇట్లాగే వెనక సీటు కట్టించి దెబ్బ తిన్నాం. చిన్నప్పుడు వాడూ ఆ రోజు ఆ బండిలోనే ఉన్నాడు గాని, మధ్య సీటులో నిద్రపోతున్నాడు. వెనక ఏం జరిగిందో వాడికి తెలిసింది సగమే. మిగతా సగం నాకు తెలియడానికే చాలా ఏళ్ళు పట్టింది.

ముప్పై ఏళ్ళ కిందటి మాట. అప్పుడు మేము నేరేడుచర్లకు దగ్గర్లో ఒక పల్లెలో ఉండేవాళ్ళం. మా అత్తమ్మ, మా ఆయన, నేను, మాకు ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. మా మరిది, తోడికోడలు, వాళ్ళ చిన్న పాప. మొత్తం ఎనిమిది మందిమి ఒకే పొయ్యి మీద వండుకుని తినేవాళ్ళం. గొర్రెలే మా బతుకు. మా ఆయన ఊరూరా తిరిగి గొర్రెలు, పొట్టేళ్ళు బేరం చేసేవాడు. బస్సుల్లో, ట్రాక్టర్లలో తిరిగి తిరిగి నడుం పోతోందని, ఒక రోజు మందలో సగం అమ్మేసి, మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు ఆసామి వాడి వదిలేసిన పెద్ద కారు కొనుక్కొచ్చాడు. మిల్లు ఆసామి దాని వెనక బియ్యం శాంపిల్ సంచులు వేసి తిప్పేవాడట, తలుపు తీస్తే తవుడు వాసన గుప్పుమనేది. పాలకీడు వైపో, అనంతగిరి వైపో వెళ్ళి వచ్చినప్పుడు మావాళ్ళు అదే జాగాలో పొట్టేలును పడుకోబెట్టి తెచ్చేవాళ్ళు. కొన్నాళ్ళకు తవుడు వాసన పోయి మా వాసన వచ్చింది. పిల్లలను పెట్టే మందను అమ్మి, ఎన్నాళ్ళున్నా ఒక్కటిగానే ఉండే ఇనుమును కొన్నాడని నాకు దాని మీద మొదటి రోజునుంచే నమ్మకం లేదు. దాని ముందు కొబ్బరికాయ కొడుతుంటే కూడా చక్రాల వంకే అనుమానంగా చూస్తూ నిలబడ్డాను.

బండి ఐదుగురిది, మేము ఎనిమిదిమందిమి. ఎక్కడికి వెళ్ళినా మగవాళ్ళిద్దరూ ముందు, అత్తమ్మ మధ్యలో. పిల్లలను ఒళ్ళో వేసుకుని మిగిలిన చోట ఒక్క ఆడమనిషి ఇరుక్కోగలదు. అందుకని నేను, తోడికోడలు వంతులు వేసుకున్నాం. ఈసారి నేను వెళితే వచ్చేసారి ఆమె. మీలో ఉమ్మడి కాపురాలు చేసినవాళ్ళకు ఈ వంతుల సంగతి చెప్పనక్కర్లేదు. నేను ఇంట్లో మిగిలిన రోజు, బండిలో వాళ్ళు నా గురించి ఏం మాట్లాడుకున్నారోనన్న ఆలోచన పేడకళ్ళు ఎత్తుతున్నా వదిలేది కాదు. ఆమె తిరిగి వచ్చి మౌనంగా ఉంటే ఏదో దాస్తోందనుకునేదాన్ని. ఎక్కువ మాట్లాడితే ఏదో కప్పిపుచ్చుతోందనుకునేదాన్ని. నేను వెళ్ళి వచ్చిన రోజు ఆమె కూడా అట్లాగే నా మొహం చదవాలని చూసేది.

ఆమె పుట్టిల్లు కోదాడ. మా మాటలో ఉంటది, అయితది అంటాం కదా, ఆమె ఉంటుంది, అవుతుంది అనేది. మామూలు మాటకు కూడా చివర 'అండి' తగిలించేది. పరాయివాళ్ళతో మాట్లాడినట్టు ఇంట్లో ఆ మర్యాద ఎందుకని నాకు అనుమానం. బర్రె దుడ్డెను తోలుతూ కూడా "జరగవమ్మా" అనేది. మా అత్తమ్మ నవ్వేది గాని నేను నవ్వలేకపోయేదాన్ని.

ఇట్లా ఉండగా మా ఆడబిడ్డ కూతురి పెళ్ళి మిర్యాలగూడలో పెట్టుకున్నారు. మీ ఇద్దరు కోడళ్ళూ ఒకేసారి నా వాకిట్లో దిగకపోతే నేను మాట్లాడను అని ఆడబిడ్డ తల్లికి కబురు పెట్టింది. అత్తమ్మ ఆ మాట పట్టుకుంది. "బండిల సందు లేకుంటే పెట్టిచ్చుకోండ్రిరా. ఇద్దరు కోడండ్లను రెండు సార్లు దింపుతరా, వడ్ల బస్తాలు దింపినట్టు?" అని కొడుకులను కోప్పడింది. అప్పుడు మా మరిది, కోదాడలో తన అత్తగారింటి వీధి చివర ఒక సీట్ల మేస్త్రి ఉన్నాడని, లారీలకు, జీపులకు సీట్లు కడతాడని చెప్పాడు. కోదాడ అనగానే నా చెవులు నిక్కాయి. సూర్యాపేటలో లేరా, మిర్యాలగూడలో లేరా, ఆమె పుట్టింటి వీధిలోనే ఎందుకు అనుకున్నాను గాని పైకి అనలేదు. ఆ రోజు బండిలో వెళ్ళే వంతు కూడా ఆమెదే.

సాయంత్రానికి సీటుతో తిరిగొచ్చారు. ఇద్దరు పెద్దవాళ్ళు పట్టే బల్లలాంటి సీటు, ఇనుప కాళ్ళు, పైన నల్ల రెక్సిన్. అది ఎప్పటికీ బిగించి ఉంచే సీటు కాదని, పొట్టేలును తెచ్చే రోజు తీసేసి, మనుషులు వెళ్ళే రోజు పెట్టుకునేలా మా ఆయన పట్టుబట్టి కట్టించాడని తెలిసింది. మేస్త్రి ఒక పట్టాన ఒప్పుకోలేదని తోడికోడలు చెప్పింది. "మనుషులు కూర్చునే సీటును మంచంలాగా ఎత్తిపెట్టకూడదయ్యా అన్నాడక్కా. బావగారు వినలేదు," అంది. మేస్త్రి మాటను ఈమె ఎందుకు మోస్తోందా అని నేను ఆమె మొహం చూశాను.

మరునాడు పొద్దున నేను ఆ సీటును పరీక్ష చేశాను. రెక్సిన్ ఒక చోట నలిగినట్టుంది. నడ్డి ఆనే చోట మడతలో వేలు పెడితే ఆకుపచ్చ గాజుముక్క ఒకటి తగిలింది. దాన్ని వెలుగులో పెట్టి చూశాను. ఇది కొత్త సీటు కాదు, ఎక్కడో గుద్దుకుని నుజ్జయిన బండిలోంచి పీకిన సీటు, ఆ గాజు ఎవరిదో, ఆమె ఏమైందో అనుకున్నాను. మా ఆయనకు చూపిస్తే తీసి అవతల పారేసి, "నీకు దేవుడు కూడా పాత సరుకు లెక్కనే కనపడతడు," అన్నాడు. ఇక నేను ఎవరికీ చెప్పకుండా నా పాత నేతచీర ఒకటి చించి, రెండు పొరలు వేసి, ఆ సీటుకు ముందూ వెనకా పక్కలా, కాళ్ళ దాకా దిగేలా గట్టి తొడుగు కుట్టాను. పరాయివాళ్ళ చెడు మా పిల్లలకు అంటకూడదని నా తాపత్రయం. సీటు వెనక చెక్క మీద తెల్ల రంగుతో ఏదో రాసి ఉండడం కుట్టేటప్పుడు చూశాను. నాకు అప్పుడు అక్షరం రాదు. షాపు పేరు రాసుకున్నాడు కాబోలు, మా బండి మీద వాడి గొప్ప ఎందుకు అని ఇంకాస్త బిగించి కుట్టాను.

ఇప్పుడు తలుచుకుంటే ఒకటే అనిపిస్తుంది. గొర్రె కడుపు కింద చెయ్యి పెట్టి చూడమని నేర్చుకున్నదాన్ని, ఆ రోజు ఉన్ని దగ్గరే ఆగిపోయాను. గుడ్డ మీద ఉన్న అనుమానం సీటు కిందికి పోలేదు. కింద ఏ ఆధారం మీద అది నిలబడి ఉందో నేను చూడలేదు.

పెళ్ళి ముందురోజు మగవాళ్ళు సీటు తీసి వసారాలో పెట్టి, పాలకీడు వెళ్ళి బేరం కుదిరిన పొట్టేలును తెచ్చారు. నల్లది, మెడ బలిసినది, దించుతుంటేనే ఇద్దరినీ ఈడ్చింది. ముసురు పట్టి నేలంతా మెత్తగా ఉంది. కర్ర గూటం పాతితే రెండుసార్లు పీక్కుని పోయింది. బండి వెనక తాళ్ళ మధ్య ఒక ఇనుప గూటం కనపడితే, దానితోపాటు అమ్మినవాళ్ళు ఇచ్చారు కాబోలనుకుని తీసుకొచ్చి, నీళ్ళ తొట్టి పక్కన పెద్ద రాయితో దిగ్గొట్టాను. జానెడు పొడుగు, పైన తాడు కట్టుకోవడానికి వీలుగా మెలితిప్పిన ఉంగరం. మా పనికోసమే చేసినట్టుంది. పొట్టేలు ఎంత గుంజినా కదలలేదు. మంచి గూటం దొరికిందని సంతోషపడ్డాను.

పొద్దున్నే బయల్దేరాలి. అత్తమ్మ తొందర పెడుతోంది, పిల్లలకు తలలు దువ్వాలి, పెళ్ళి సామాను సర్దాలి. మగవాళ్ళు సీటు ఎత్తి బండిలో పెట్టారు. మా ఆయన కుడివైపు బిగించి, ఎడమవైపు చూడమని తమ్ముడికి కేకేసి ముందుకు వెళ్ళాడు. నేను తొడుగు సర్ది కిందికి లాగాను. నేను, తోడికోడలు వెనక కూర్చున్నాం. నా కూతురికి చిన్నప్పటినుంచి నాకన్నా ఆమె ఒడే ఇష్టం, ఎక్కి అక్కడే కూర్చుంది.

మేమిద్దరం ఒకే బండిలో ఒకే వైపు వెళ్ళడం పెళ్ళిళ్ళయినాక అదే మొదటిసారి. రోడ్డు పక్కన వడ్లు ఆరబోసి ఉన్నాయి, పట్టాలు కప్పుతూ ఆడవాళ్ళు మా బండి వంక చూస్తున్నారు. తోడికోడలు కొత్త చీర కుచ్చిళ్ళు నలగకుండా పట్టుకుని, నా వైపు వంగి, "ఇన్నాళ్ళూ నువ్వు వెళితే నేను, నేను వెళితే నువ్వు ఇంట్లో కూర్చుని అనుమానపడ్డాం కదక్కా. ఈ రోజు ఆ పనికి ఇంట్లో ఎవరూ మిగల్లేదు," అంది. ఆమెకూ అదే జబ్బని నాకప్పుడే తెలిసింది. ఇద్దరం నవ్వుకున్నాం. ఎందుకు నవ్వుతున్నారని అత్తమ్మ తిరిగి చూస్తే, చెప్పలేక ఇంకా నవ్వాం. ఆ కాసేపు ఆ పాత సీటు మీద, నా చీర తొడుగు మీద, నాకు ఎవరి మీదా ఏ అనుమానమూ లేదు. ఇంత వయసులో వెనక్కి తిరిగి చూసుకుంటే నాకు బాగా కనిపించే దారి అదే, మహా అయితే నాలుగు మైళ్ళు.

పక్క డొంకలోంచి వడ్ల ట్రాక్టరు ఒకటి ఉన్నట్టుండి రోడ్డెక్కింది. మా ఆయన గట్టిగా బ్రేకు వేశాడు. మా సీటు ఎడమవైపు వెనక కాలు నేల విడిచి పైకి లేచి ముందుకు ఒరిగింది. నేను కుడివైపు ఉన్నాను, నా మోకాలు గీసుకుపోయింది, అంతే. తోడికోడలు ఒక చేత్తో నా కూతురిని రొమ్ముకు అదుముకుని, రెండో చెయ్యి ముందుకు చాపింది. ఆ చెయ్యి మధ్య సీటు ఇనుప కడ్డీకి, ఈ సీటు చట్రానికి నడుమ చిక్కుకుంది. ఎముక విరిగిన చప్పుడు నేను విన్నాను. ఆమె మాత్రం "పాపకేమైనా తగిలిందా చూడండి," అంది.

పెళ్ళి బదులు దవాఖానకు వెళ్ళాం. సీటు పైకెత్తి చూస్తే ఎడమవైపు కాలిని బండి నేలకు పట్టి ఉంచాల్సిన ఇనుప చీల లేదు. "నా సేతులతోని పెట్టిన, పాప మీద ఒట్టు," అన్నాడు మా మరిది. ఒట్టు వేసినవాడు పాపం ఆ ముసురులో రోడ్డు పొడుగునా వెనక్కి నడిచి, వడ్ల కుప్పల మధ్య కూడా వెతికాడు. దొరకలేదు. పెట్టిన చీల ఊడిపోయిందంటే చేసినవాడిదే తప్పని అన్నదమ్ములిద్దరూ కోదాడ వెళ్ళి, పది మందిలో మేస్త్రిని నిలదీసి వచ్చారు.

"ఏమంటుండో ఎరికేనా? నేను పెట్టిన సీల దానంతట అది రాదు, మీ ఇంట్లనే సూస్కోండ్రి అంటుండు," అన్నాడు మా ఆయన.

మీ ఇంట్లోనే చూసుకోండన్న మాట మా ఇంట్లోకి వచ్చి కూర్చుంది. ఇంట్లో ఎవరు? మరిది పెట్టకుండానే ఒట్టు వేశాడని మా ఆయనకు లోపల అనుమానం. అన్న కుడివైపు కూడా సరిగ్గా పెట్టలేదని మరిదికి. కోడళ్ళిద్దరూ కలిసి నవ్విన రోజే ఇట్లా అయిందేమిటని అత్తమ్మకు. నా అనుమానం మాత్రం తోడికోడలి మీద. మేస్త్రి ఆమె పుట్టింటి వీధివాడు, మేస్త్రి మాటలు మోసింది ఆమె, వేరు పడి కోదాడలో ఉండాలన్న కోరిక ఆమెకు ఎప్పటినుంచో ఉంది. తన చెయ్యి తానే ఎవరు విరగ్గొట్టుకుంటారని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదు. కానీ అనుమానానికి జవాబుతో పనేముంది? నా కూతురిని కాపాడిన చేతిని కూడా నేను పక్క చూపుతోనే చూశాను. ఆమె చెయ్యి నయం కావడానికని పుట్టింటికి వెళ్ళింది. బాగయ్యాక కూడా రాలేదు. "సెయ్యి అతికింది గాని మనసే అతకలే ఆమెకు," అని నేను నలుగురిలో అన్నాను. ఆ మాట కోదాడ చేరింది. కొన్నాళ్ళకు మరిది కూడా మూట కట్టుకుని వెళ్ళి అక్కడే పశువుల దాణా కొట్టు పెట్టుకున్నాడు. పొయ్యిలు రెండయ్యాయి. మా ఆయన బండి అమ్మేశాడు. ఆ సీటును కొనేవాడు కూడా వద్దన్నాడు. తెచ్చి గొర్రెల కొట్టం దగ్గర పడేస్తే, నా చీర తొడుగుతో సహా అదే మాకు కూర్చునే బల్ల అయింది.

తరవాత చాలా ఏళ్ళు గడిచాయి. అత్తమ్మ పోయింది, మా ఆయన పోయాడు. చావులకు కోదాడవాళ్ళు వచ్చారు, అన్నం తిన్నారు, వెళ్ళారు. నేను ఊళ్ళో మహిళా సంఘంలో చేరాను. ఏ కాగితం మీదనైనా నా వేలిముద్ర వేయించుకునేవాళ్ళు. పైన ఏం రాశారని అడిగితే చదివి వినిపించేవాళ్ళు గాని, చదివింది, రాసింది ఒక్కటేనని నేనెట్లా నమ్మను? అందుకని సంఘం పుస్తకం రాసే అమ్మాయి దగ్గర మధ్యాహ్నం పూట పలక పట్టుకుని కూర్చున్నాను. యాభై దాటిన వేళ్ళు వంగక, సున్నా చుడితే కోడిగుడ్డులా వచ్చేది. చదువు మీద ప్రేమతో నేర్చుకున్నానని చెప్పుకోవాలని ఉంటుంది గాని, నేను అక్షరాలు నేర్చుకున్నది అనుమానంతోనే.

అబ్బాయి సూర్యాపేటలో స్థిరపడ్డాక, ఇక నువ్వు కూడా రమ్మని పిలిస్తే, మిగిలిన గొర్రెలు అమ్మి కొట్టం ఖాళీ చేయడానికి కూర్చున్నాను. బల్లగా వాడిన సీటు మీది తొడుగు చీకిపోయి ఉంది. కత్తెర పెట్టి కోస్తే పీలికలుగా ఊడి వచ్చింది. వెనక చెక్క మీద తెల్ల రంగు అక్షరాలు, నా తొడుగు కింద ఎండా వానా తగలక, నిన్న రాసినట్టు ఉన్నాయి. అప్పటికి నాకు బస్సు బోర్డులు చదవడం వచ్చింది. షాపు పేరు చదువుదామని వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కున్నాను. అది షాపు పేరు కాదు.

'రెండు చీలలూ ఉన్నాయో లేదో చూసుకున్నాకే కూర్చోండి.'

మళ్ళీ చదివాను. మేము మోసగాడన్న మనిషి, పది మందిలో తల దించుకునేలా చేసిన మనిషి, ఈ మాట తన చేత్తో రాసి పంపాడు. దాన్ని నేను చీర కప్పి కుట్టేశాను. మా ఆయనకూ చదువు రాదు గాని, పదో తరగతి దాకా చదివిన మా మరిది ఈ రాత కోదాడలోనే చూసి ఉంటాడు. గొడవ జరిగినప్పుడు ఎన్నడూ ఎత్తలేదు. ఎత్తితే తప్పు ఎవరి మీదికి వస్తుందో అతనికి తెలుసు. అనుకుంటూ సీటు కిందికి వంగి చూశాను, ఇన్నేళ్ళకు మొదటిసారి. కుడివైపు బెజ్జంలో ఒక చీల తుప్పు పట్టి ఇంకా అట్లాగే ఉంది. జానెడు పొడుగు, పైన మెలితిప్పిన ఉంగరం.

తల తిప్పి చూశాను. దాని జంట పది అడుగుల దూరంలో, నీళ్ళ తొట్టి పక్కన నేలలో ఉంది. మరిది వేసింది దొంగ ఒట్టే. ఇన్నేళ్ళూ ఎన్ని పొట్టేళ్ళను దానికి కట్టానో లెక్క లేదు. తాడు చుట్టి, మట్టి పట్టిన ఆ ఉంగరాన్ని మా ఆయన కూడా పోల్చుకోలేదు. ఆ బల్ల మీద కూర్చుని దాని వైపే చూస్తూ మజ్జిగ తాగాను, తోడికోడలిని తిట్టుకున్నాను.

ఆ చీలను గడ్డపారతో తవ్వి తీసి, కడిగి, గుడ్డలో చుట్టుకుని కోదాడ బస్సెక్కాను. మొదట మేస్త్రి షాపు ఉన్న చోటికి వెళ్ళాను. అక్కడ ఫోన్లు అమ్ముతున్నారు. ఆ గొడవ అయిన తరవాత ఎవరూ సీట్లు కట్టించుకోవడానికి రాక ఎటో వెళ్ళిపోయాడని, ఎక్కడున్నదీ తెలియదని పక్క కొట్టాయన చెప్పాడు. అప్పుడు తోడికోడలి ఇంటికి వెళ్ళి, కూర్చోమన్నా కూర్చోకుండా, గుడ్డ విప్పి చీల ఆమె ముందు పెట్టాను.

"ఇది నేనే తీసిన. పొట్టేలుకు పాతిన. నాకు ఎరుక లేకుండె," అన్నాను.

ఆమె దాన్ని చేతిలోకి తీసుకుని ఉంగరాన్ని తిప్పి చూసింది. ఆ మణికట్టు ఈ రోజుకీ పూర్తిగా వంగదు.

"తెలుసక్కా," అంది. "దవాఖాన నుంచి బట్టలు తీసుకోవడానికి వచ్చినప్పుడు చూశాను. కోదాడలో మేస్త్రి ఉంగరం మెలి తిప్పుతుంటే పక్కనే ఉన్నాను కదా, ఎందుకు గుర్తుపట్టను?"

"మరి సెప్పకపోతివి?"

"చెబితే బావగారు నిన్ను బతకనిచ్చేవారా? ఆయనది అసలే కోపం. విరిగింది నా చెయ్యే కదా అనుకున్నాను." చీలను కింద పెట్టి నవ్వింది. "చెప్పకపోతే కోదాడలో ఉండొచ్చని కూడా అనుకున్నానులే. పూర్తిగా మంచిదాన్నని అనుకోకు."

ఆ రెండో మాట వల్లే నేను మొదటి మాట నమ్మాను. తరవాత అన్నం తింటుంటే గాజుముక్క సంగతి అడిగాను. షాపులో సీటు ఎట్లా ఉందో చూద్దామని కూర్చుంటే తన గాజే చిట్లిందట. నేను ఊరూ పేరూ తెలియని ఎవరి చావునో ఊహించుకుని తొడుగు కుట్టింది ఆ గాజు కోసం.

ఇక ఈ కారు సంగతి. కాగితం ఏడుగురికి మారి వచ్చాక, పోయిన వారం మిర్యాలగూడలో నా కూతురి ఇంట్లో శుభకార్యానికి బయల్దేరాం. ఆ రోజు ఆ ఒడిలో కూర్చున్న పిల్లే ఇప్పుడు తన కూతురికి పట్టుచీర కట్టిస్తోంది. తోడికోడలు ముందురోజే కోదాడ నుంచి వచ్చింది. మా ఇద్దరికీ వెనక సీటే అన్నాడు అబ్బాయి. ఎక్కే ముందు నేను మళ్ళీ చెయ్యి పెట్టి చూశాను. సీటు కింద ఒక తెల్ల చీటీ అంటించి ఉంది. అందులో ఏదో జాగ్రత్తే రాసి ఉంటారు. ఇంగ్లీషు. ఒక్క ముక్క అర్థం కాలేదు. ఎవరూ చదవలేదు కూడా. అప్పట్లో ఒక మనిషి మాకు తెలిసే మాటలో, తన చేత్తో, మా కోసమే రాశాడు, నాకు చదవడం రాలేదు. ఇప్పుడు చదవడం వచ్చింది గాని, నా కోసం రాసేవాళ్ళు లేరు.

మనవరాలి సుద్దముక్క అడిగి తీసుకుని, ఆ సీటు వెనక నల్ల పట్టా మీద నాకు వచ్చిన గుండ్రటి అక్షరాల్లో, 'చూసుకున్నాకే కూర్చోండి' అని రాశాను. కొత్త బండి ఖరాబు చేస్తున్నానని అబ్బాయి గొణిగాడు. తోడికోడలు దాన్ని పైకి చదివింది, వంకర చేతిని నా భుజం మీద వేసి ఎక్కింది, కిందికి కూడా చూడకుండా కూర్చుంది.

"సూస్కోవా?" అన్నాను.

"నువ్వు చూశావు కదక్కా," అంది.

దారిలో అవే మిల్లులు, రోడ్డు పక్కన అవే వడ్లు. రోడ్డే వెడల్పయింది. వెనక పొట్టేలు వాసన లేదు, తీసిపెట్టే చీల లేదు, ఇంట్లో మిగిలిపోయే వంతు ఎవరికీ లేదు. అందరికీ చోటుంది, అందరి చేతుల్లో ఫోన్లు ఉన్నాయి, మేమిద్దరం ఎందుకు నవ్వుతున్నామని వెనక్కి తిరిగి చూసే అత్తమ్మ లేదు. పట్టా తుడిచిన ప్రతిసారీ ఆ సుద్దరాత పోతుంది. నేను మళ్ళీ రాస్తాను. ఆ మేస్త్రి ఎక్కడున్నాడో, ఉన్నాడో లేడో తెలియదు. ఆ మాట రాసినంతసేపు ఆయనకు జవాబు రాస్తున్నట్టే ఉంటుంది నాకు.